పదకొండు పునాస కాయలు

క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు నూజివీడు బజారులో పునాస మామిడికాయలు కనిపించాయి. బుట్ట ముందు కూర్చున్న ఆవిడ డజను ఏరి సంచీలో వేయబోతుంటే పదకొండు చాలన్నాను. "ఇంకొక్కటి వేసుకోండమ్మా, డజనవుతుంది," అంది. వద్దన్నాను. ఈ ముసలావిడకి చాదస్తమని అనుకుని ఉంటుంది. అనుకోనీ. చాదస్తమే.

పండగ పొద్దున ఆ సంచీ ఒళ్ళో పెట్టుకుని బెజవాడ బస్సెక్కాను. పక్కన కూర్చున్న కాలేజీ పిల్ల సంచీలోకి తొంగిచూసి, "ఈ చలికాలంలో మామిడికాయలేంటండీ? కోల్డ్ స్టోరేజీవా?" అని అడిగింది. ముప్పయ్యేళ్ళు పాఠాలు చెప్పిన నోరు, ఊరుకుంటుందా? తోటలన్నీ అప్పుడే పూతకొచ్చే వేళ ఎక్కడో ఒక చెట్టు కాయలతో ఉంటుందనీ, దాన్ని పునాస అంటారనీ, మామిడి ఊళ్ళో చదువుకుంటూ ఆ మాత్రం తెలుసుకోవాలనీ ఆగిరిపల్లి దాటేదాకా చెప్పాను. ఆ పిల్ల మర్యాదగా తలూపి, చెవుల్లో ఏవో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

నేను వెళ్ళింది బెజవాడలో దొరల కాలంనాటి రాతి గుడికి. ఎత్తయిన కిటికీలు, వాటికి రంగుటద్దాలు, ఎప్పుడో చనిపోయిన దొరల పేర్లు చెక్కిన పాలరాతి పలకలు అన్నీ అలాగే ఉన్నాయి. కొత్తగా వచ్చినవి పెద్ద తెర, మైకులు, ముందు మెట్ల మీద మిణుకుమిణుకుమనే లైట్ల చెట్టు. వెనకటికి మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు ఒక వైపు కూర్చునేవారు. ఇప్పుడు ఎవరి కుటుంబం పక్కన వాళ్ళు కూర్చుంటున్నారు. నేను మాత్రం ఒకప్పటి ఆడవాళ్ళ వైపు చివరి స్తంభం వెతుక్కుంటూ వెళ్ళి దాన్ని ఆనుకుని కూర్చున్నాను. ఇద్దరు మనుషులు చేతులు చాచి పట్టుకున్నా అందనంత లావు స్తంభం అది. రాయి చల్లగా తగిలింది. తొమ్మిదేళ్ళ వయసులో ఆ స్తంభం ముందు నేను చేసిన పని గుర్తొచ్చింది.

ఇందులో ఎవరి పేర్లూ రాయను. మా ఇంట్లో ఒక పేరు పలక్కపోవడం వల్ల జరిగిందే ఇదంతా.

నాన్న మైలవరం దగ్గర ఒక పల్లెలో బడిపంతులు. క్రిస్మస్ సెలవులు ఇవ్వగానే నన్ను నూజివీడు అవతల తోటలో ఉండే తాతయ్య, నాయనమ్మల దగ్గరికి పంపేవారు. తోట మాది కాదు. ఒక కామందుగారిది. తాతయ్య ఆ తోటకి కాపలాదారు. నలభై ఎకరాల్లో రసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయలు. ఆ చెట్లన్నిటి పుట్టినరోజులూ తాతయ్య చెప్పగలిగేవాడు, నాది మాత్రం చెప్పలేకపోయేవాడు. తోటలోనే తాటాకు ఇల్లు. పండగ ముందు నాయనమ్మ గోడలకి సున్నం కొట్టి, అరిసెలకి బియ్యం నానబోసేది. బెల్లప్పాకం వాసన, ఎండుటాకులు తగలబెట్టిన పొగ వాసన, అప్పుడే విచ్చుకుంటున్న పూత వాసన. ఈ మూడూ కలిస్తే నాకు క్రిస్మస్. ఇప్పటికీ వీటిలో ఏ ఒక్కటి తగిలినా మిగతా రెండిటి కోసం ముక్కు వెతుక్కుంటుంది.

బావి పక్కన ఒక్కటే పునాస చెట్టు ఉండేది. ఆ ఒక్క చెట్టు కాపు మాత్రం కామందుగారు తాతయ్యకి వదిలేశారు. "ఆ చెట్టు నీది. నీ పండక్కి నీ దేవుడికిచ్చుకో," అన్నారట. తాతయ్య అలాగే చేసేవాడు. బెజవాడ రాతి గుడిలో ఒక ఆచారం ఉండేది. పల్లెల నుంచి వచ్చినవాళ్ళు క్రిస్మస్ రోజున తమ చేతి పంట, గుమ్మడికాయో అరటిగెలో కొత్తబియ్యమో, తెచ్చి ప్రభువు బల్ల ముందు మెట్ల మీద పెట్టేవారు. ఆరాధన అయ్యాక రోగులకి, బాలింతలకి, కడుపుతో ఉన్నవాళ్ళకి వాటిని పంచేవారు. తాతయ్య పునాస కాయలంటే కడుపుతో ఉన్నవాళ్ళు ముందే వచ్చి నిలబడేవారని నాయనమ్మ గొప్పగా చెప్పేది.

తాతయ్యకి ఇద్దరు పిల్లలు. మా నాన్న, ఆయన తర్వాత ఒక కూతురు. ఆ కూతురు, అంటే మా మేనత్త, బెజవాడ ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుంది. అక్కడే రైల్వేలో పనిచేసే ఒకాయన్ని ఇష్టపడి పెళ్ళి చేసుకుంది. ఆయనా క్రైస్తవుడే, మరింకేం అంటారు మీరు. ఆయన ఆర్‌.సి.ఎం., అంటే రోమన్ కాథలిక్. మేము ప్రొటెస్టెంట్లం. ఇవాళ్టి పిల్లలకి చెబితే నవ్వుతారు. ఒకటే బైబిలు, ఒకటే సిలువ, మధ్యలో గొడవేంటని అడుగుతారు. ఆ రోజుల్లో అది పెద్ద గోడ. అత్త ఆర్‌.సి.ఎం. గుడిలో పెళ్ళి చేసుకున్నదని తెలిసి మా ఊరి సంఘం కూడింది. తాతయ్య ఆ సంఘానికి పెద్ద. ఆయన్ని ప్రభురాత్రి భోజనం బల్లకి దూరం పెట్టాలా వద్దా అని జనం గుసగుసలాడుతుంటే, ఆయనే లేచి నిలబడ్డాడట. "నాకు కూతురు లేదు. ఆమె మొహం చూడను, పేరెత్తను," అని చెప్పి కూర్చున్నాడట.

మాటంటే మాటే తాతయ్యకి. ఇంట్లో గోడనున్న అత్త ఫోటో పోయింది. నాకప్పుడు నాలుగేళ్ళు. అత్త మొహం నాకు గుర్తు లేకుండా పోయింది.

కానీ అత్త ఆ రాతి గుడిని వదల్లేదు. చిన్నప్పుడు తండ్రి భుజం మీద కూర్చుని వచ్చిన గుడి కదా. ప్రతి క్రిస్మస్‌కీ వచ్చి ఆడవాళ్ళ వైపు చివరి స్తంభం దగ్గర కూర్చునేది. తాతయ్య మగవాళ్ళ వైపు మొదటి బల్ల మీద కూర్చుని వెనక్కి తిరిగేవాడు కాదు. నాయనమ్మ చూసి వచ్చేది. ఇంటికొచ్చాక తాతయ్యతో చెప్పకూడదు కాబట్టి పొయ్యితో చెప్పేది. "స్తంభం దగ్గరే కూర్చుంది. నీలం చీర కట్టుకుంది. కాస్త చిక్కింది," అని ఊదుగొట్టంతో పొయ్యి ఊదుతూ అనేది. తాతయ్య గుమ్మం బయట తాడు పేనుకుంటూ ఉండేవాడు. తాడు పేనే చెయ్యి మాత్రం ఆగిపోయేదట.

ఆ ఏడాది కార్తీకంలో ఎవరో చుట్టం వచ్చి వెళ్ళాక నాయనమ్మ పొయ్యికి ఇంకో కబురు చెప్పింది. "నాలుగో నెలట. పులుపు తప్ప ఇంకేదీ సయించటం లేదట." ఆ సాయంత్రమే తాతయ్య పునాస చెట్టు చుట్టూ ముళ్ళకంప కట్టాడు.

ఇవన్నీ నాకు తర్వాత తెలిసినవి. సెలవులకి వచ్చేసరికి నాకు కనిపించింది ముళ్ళకంప ఒక్కటే. ఆ చెట్టు ఆ ఏడు సరిగా కాయలేదు, మొత్తం పన్నెండు కాయలు. తాతయ్య పొద్దునా సాయంత్రం కింద నిలబడి వేలితో లెక్కపెట్టేవాడు. నాకేమో నోరూరిపోయేది. ఒక మధ్యాహ్నం ఆయన నిద్రపోతుండగా కంప సందులోంచి దూరి, అందే కొమ్మ నుంచి ఒక కాయ తెంపి, బావి వెనక కూర్చుని తిన్నాను. సాయంత్రం లెక్క తప్పింది.

"పన్నెండో కాయేదమ్మడూ?"

"ఉడత తినేసింది తాతయ్యా."

"అలాగా. ఉడత ఉప్పూకారం కూడా అద్దుకుందే? బావి గట్టు మీద ఇంకా ఉంది."

నేను ఏడుపు లంకించుకున్నాను. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. నా పెదవి పక్కన సొన కాలిన చోట వెన్న రాసి, "ఈ పదకొండూ ముట్టుకోకు తల్లీ. ఈసారికి ఇవి నావి కావు," అన్నాడు. ఎవరివి అని అడిగాను. గుడివి అన్నాడు. గుడి మామిడికాయలు తింటుందా అని అడగబోయేసరికి, ఆయన లేచి కంప సందు మూయడానికి వెళ్ళిపోయాడు.

పండగకి మూడు రోజుల ముందు నాయనమ్మకి చలిజ్వరం వచ్చింది. రెండు దుప్పట్లు కప్పినా మంచం చప్పుడయ్యేలా వణికేది. పండగ పొద్దున ఆవిడ లేవలేకపోయింది. నాన్నావాళ్ళు తమ పల్లెలో ఆరాధనకి ఉండిపోయారు. అలా ఆ ఏడు బెజవాడకి వెళ్ళింది తాతయ్య, నేను, ఇద్దరమే. నాయనమ్మ ఒక్కతి వచ్చి ఉన్నా ఈ కథ లేదు.

తాతయ్య తెల్లవారకముందే లేచి, చిక్కం కట్టిన గెడ పక్కన పెట్టి, తనే చెట్టెక్కాడు. ఒక్కో కాయని జానెడు తొడిమతో, రెండేసి ఆకులతో కోసి కిందికి దించాడు. అంత తొడిమ ఎందుకంటే సొన కారి కాయ మచ్చపడకుండా అన్నాడు. పదకొండు కాయల్నీ తడి గుడ్డతో తుడిచి, గడ్డి పరిచిన వెదురుబుట్టలో పెట్టాడు. నాయనమ్మ నన్ను మంచం దగ్గరికి పిలిచి, దుప్పటిలోంచి ఒక పొట్లం తీసి ఇచ్చింది. అరిటాకు ముక్కలో ఉప్పూకారం, పైన పసుపు దారం.

"కాయలతో పాటు ఇదీ ఇయ్యి."

"ఎవరికి నాయనమ్మా?"

ఆవిడ గుమ్మం వైపు చూసింది. గుమ్మంలో తాతయ్య తలపాగా చుట్టుకుంటున్నాడు. "మీ తాతయ్య చెబుతాడులే," అంది.

తాతయ్య బస్సులో చెప్పలేదు. బెజవాడలో దిగి గుడి దాకా నడిచినప్పుడూ చెప్పలేదు. గుడి ఆవరణలో చెప్పులు విడిచి, పంపు దగ్గర కాళ్ళు కడుక్కున్నాక, బుట్ట నా చేతికిచ్చి నా ఎత్తుకి వంగాడు.

"ఇవి మెట్ల మీద పెట్టొద్దు. ఆశీర్వాదం అవగానే నువ్వే తీసుకెళ్ళు. ఆడవాళ్ళ వైపు చివరి స్తంభం దగ్గర కడుపుతో ఉన్నావిడ కూర్చుంటుంది. ఆవిడకియ్యి."

"ఆవిడ పేరేంటి తాతయ్యా?"

ఆయన నోరు తెరిచాడు. ఇప్పటికీ నాకు కళ్ళకి కట్టినట్టుంది. పెదవులు కలిశాయి, విడివడ్డాయి, మళ్ళీ కలిశాయి. ఏ శబ్దమూ రాలేదు. చివరికి, "పేరుతో పనేంటి? స్తంభం దగ్గర కూర్చుంటుంది. ఎవరిచ్చారంటే చెప్పకు," అని లేచి మగవాళ్ళ వైపు వెళ్ళిపోయాడు.

గుడి కిక్కిరిసిపోయింది. కొత్త బట్టల గంజి వాసన, కొబ్బరినూనె, బంతిపూలు, మైనపు వత్తులు. ఎవరో తెల్లజుట్టు దొరసాని కాళ్ళతో తొక్కుతూ ఆర్గను వాయిస్తోంది. పాస్టరుగారు ఏం ప్రసంగం చెప్పారో దేవుడికి తెలియాలి. నేను బుట్ట మీద చెయ్యేసుకుని ఆశీర్వాదం కోసం కాచుకుని ఉన్నాను. ఆమెన్ అనగానే లేచి జనం కాళ్ళ మధ్యలోంచి చివరి స్తంభం దగ్గరికి వెళ్ళాను.

స్తంభం ముందు ఆకుపచ్చ చీరలో ఒకావిడ కూర్చుని ఉంది. గుండ్రటి మొహం, ముక్కుకి పుడక, నిండు కడుపు. నేను బుట్ట ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ తెల్లబోయి, "ఎవరు పంపారమ్మా?" అంది. చెప్పొద్దన్నారని చెప్పాను. ఆవిడ గలగలా నవ్వింది. ఒక కాయ తీసి తొడిమ దగ్గర వాసన చూసి, ముందు కుడికంటికీ తర్వాత ఎడమకంటికీ అద్దుకుంది. "దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి," అంది. ఉప్పూకారం పొట్లం అక్కడికక్కడే విప్పి వేలితో నాలిక్కి రాసుకుని కళ్ళు మూసుకుంది.

నేను తాతయ్య వైపు చూశాను. గుడి ఖాళీ అవుతోంది. ఆయన మొదటి బల్ల మీద అలాగే నిటారుగా, వెనక్కి తిరక్కుండా కూర్చున్నాడు. ముందున్న చెక్కని రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు.

బయటికి వచ్చాక అడిగాడు.

"తీసుకుందా?"

"తీసుకుంది తాతయ్యా."

"ఏమంది?"

"నవ్వింది. కాయని రెండు కళ్ళకీ అద్దుకుంది. దేవుడు చల్లగా చూడాలంది."

తాతయ్య తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత నాకు కేకు ముక్క, రంగు సోడా కొనిపెట్టాడు. తిరుగు బస్సులో మళ్ళీ అడిగాడు, కళ్ళకద్దుకుందా అని. ఆగిరిపల్లి దగ్గర మరోసారి అడిగాడు. అడిగినప్పుడల్లా నేను ఇంకాస్త కలిపి చెప్పాను. ఆయన అంత సంతోషంగా ఉండటం నేను అంతకు ముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

ఇంటికి రాగానే నాయనమ్మ నన్ను దుప్పట్లోకి లాక్కుని చెవిలో అడిగింది.

"మీ అత్త ఎలా ఉందే?"

"అత్తా?"

"మరి కాయలు ఎవరికిచ్చావనుకున్నావు, పిచ్చిదానా? మీ అత్తకే. గడ్డం మీద మచ్చ చూడలా? మిరియపు గింజంత ఉంటుంది, పుట్టుమచ్చ."

నేను ఆకుపచ్చ చీర ఆవిడ గడ్డం గుర్తు తెచ్చుకోబోయాను. పుడక గుర్తొచ్చింది, నవ్వు గుర్తొచ్చింది. మచ్చ గుర్తు రాలేదు. నాయనమ్మ జ్వరం కళ్ళు నా మొహంలో ఏదో వెతుకుతున్నాయి. నాకు భయం వేసింది. జాలి కూడా వేసింది.

"చూశాను నాయనమ్మా. మచ్చ ఉంది," అన్నాను.

కాయలు తారుమారైతే అది చిన్నపిల్ల పొరపాటు. ఈ మాట పొరపాటు కాదు, నేను కావాలని ఆడిన అబద్ధం. ఆ రెండిటికీ తేడా నాకు ఆ వయసులోనే తెలుసు.

అత్త పురిటికి పుట్టింటికి వస్తుందని తాతయ్య ఎదురుచూడటం మొదలుపెట్టాడు. నోటితో అనలేదు. మంచానికి కొత్త నులక అల్లాడు. ఇంటి వాసానికి ఉయ్యాల కట్టే కొక్కెం దించాడు. చలి గాలి రాకుండా పడమటి దడికి మట్టి మెత్తాడు. మాఘం వెళ్ళింది, పూత పిందె అయింది. పిందె కాయైంది, రసాలు కోతకొచ్చాయి. తోట నిండా కూలీలు, బళ్ళు. అత్త రాలేదు. బెజవాడ ఆసుపత్రిలోనే కొడుకు పుట్టాడని, బిడ్డతో సహా భర్త బదిలీ అయిన చోటుకి, రైల్లో రెండు రోజుల దూరం వెళ్ళిపోయిందని కబురొచ్చింది.

ఆ కబురు వచ్చిన రోజు నేను వేసవి సెలవులకి అక్కడే ఉన్నాను. తాతయ్య గట్టు మీద కూర్చుని కాయలు ఏరుతున్నాడు. "కాయలు తీసుకుంది. కళ్ళకద్దుకుంది. అయినా రాలేదు," అన్నాడు. చేతిలోని కాయ గంపలో వేసి, "సరే," అన్నాడు. అంతే. లేచి వెళ్ళి ఉయ్యాల కొక్కెం పీకేశాడు.

నాకు చెప్పాలనిపించింది. తాతయ్యా, ఆవిడకి మచ్చ లేదేమో అని ఒక్క మాట. నాలుక కదల్లేదు. మా ఇంటి నాలుకే కదా అది కూడా.

తర్వాత రెండేళ్ళు పునాస చెట్టు విరగ్గాసింది. తాతయ్య ఒక్క కాయా కోయలేదు. నిజం ఉడతలే తినిపోయాయి. రాతి గుడికి వెళ్ళడం మానేశాడు. మూడో ఏడు పూత మీద మంచు పడుతున్న రోజుల్లో పోయాడు. నాయనమ్మ ఆ వానాకాలం దాటలేదు. అత్తకి ఉత్తరాలు చేరేసరికి అన్నీ అయిపోయాయి.

అత్తని నేను మళ్ళీ చూసింది నా పెళ్ళిలో. నాన్న కబురు చేస్తే అంత దూరం నుంచి వచ్చింది. నుదుట ముద్దుపెట్టుకోవడానికి నా మొహం దగ్గరికి లాక్కుంది. గడ్డం మీద మిరియపు గింజంత పుట్టుమచ్చ. ఇది ఆకుపచ్చ చీర ఆవిడ మొహం కాదని తెలిసి వెనక్కి జరిగాను. ఏంటే, జ్వరమా అని అడిగింది. కాదు అత్తయ్యా, అలసట అన్నాను. ఆ తర్వాత ఆవిడ ఏ పెళ్ళికి వచ్చినా, ఏ చావుకి వచ్చినా నేను వంటింట్లోనో పెరట్లోనో పని కల్పించుకుని తప్పుకునేదాన్ని. ముప్పయ్యేళ్ళు అలాగే గడిపాను. పిల్లలకి నిజం చెప్పమని బడిలో నీతులు బోధించిందీ ఆ ముప్పయ్యేళ్ళే.

మామయ్య పోయాక అత్త బెజవాడలో కొడుకు దగ్గరికి వచ్చేసింది. నడుము విరిగి మంచాన పడిందని తెలిసి, ఇంక తప్పించుకోలేక చూడ్డానికి వెళ్ళాను. అది మార్గశిరం. దగ్గర్లోనే ఎక్కడో క్రిస్మస్ పాటలు మైకులో వస్తున్నాయి. అత్త కిటికీ వైపు చూస్తూ తనంతట తనే ఎత్తింది.

"వీడు కడుపులో ఉండగా రాతి గుడికి వెళ్ళానే. మా నాన్న వచ్చాడు. ఓ పిల్ల చేతికి బుట్టిచ్చి పంపాడు. ఆకులతో తొడిమలతో పునాస కాయలు. చిన్నప్పుడు నాకు అట్లాగే కోసిచ్చేవాడు. ఆయన కంటబడకూడదని నేను స్తంభానికి వెనక కూర్చున్నాను. బుట్ట చూసి గోడ పట్టుకుని లేచాను కూడా. నా ముందే, స్తంభానికి అవతల కూర్చున్న ఎవరో ఆవిడకిచ్చేసింది ఆ పిల్ల. ఆవిడ మా అమ్మ కట్టిన ఉప్పూకారం విప్పుకుని నాకింది. ఊళ్ళో ఏ కడుపుతో ఉన్నదానికైనా ఇస్తాను గానీ నీకివ్వనని నాన్న చెప్పాడనుకున్నాను. ఆ రోజే అనుకున్నా, ఇంక ఆ గుమ్మం తొక్కనని."

నేను మంచం పక్క నేల మీద కూలబడ్డాను. ఆ పిల్లని నేనే అత్తయ్యా అన్నాను. అంతా చెప్పాను. ముళ్ళకంప, గుడి పంపు దగ్గర తాతయ్య పెదవులు, మచ్చ గురించి నేనాడిన అబద్ధం, ఉయ్యాల కొక్కెం. చెప్పడం అయ్యాక తలెత్తలేకపోయాను. ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నా వైపు తల తిప్పి అడిగింది.

"ఎన్ని కాయలు?"

"పదకొండు. పన్నెండు కాశాయి, ఒకటి నేను దొంగతనంగా తిన్నాను."

అత్త నవ్వింది. నవ్వుతుంటే కళ్ళ నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి.

"చెట్టు ఎవరెక్కారు?"

"తాతయ్యే. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు."

"నేనేం చేశానని చెప్పావు ఆయనతో?"

"నవ్వారని చెప్పాను. కాయని రెండు కళ్ళకీ అద్దుకున్నారని చెప్పాను."

అత్త రెండు చేతులూ పైకెత్తి, లేని కాయని పట్టుకున్నట్టు పట్టుకుని, ముందు కుడికంటికీ తర్వాత ఎడమకంటికీ ఆనించుకుంది.

"నేనైనా అదే చేసేదాన్నే," అని గోడ వైపు తిరిగింది.

ఆ ఏడు పండగ రాకముందే అత్త పోయింది. వాళ్ళ గుడి శ్మశానంలో భర్త పక్కన పెట్టారు. తాతయ్య, నాయనమ్మ మా ఊరి శ్మశానంలో ఉన్నారు. తోట చేతులు మారింది, చెట్లు కొట్టేసి ఆయిల్‌పామ్ వేశారు. బావి కూడా పూడ్చారు. పునాస చెట్టు ఎక్కడుండేదో ఇప్పుడు నేను వెళ్ళినా చూపించలేను. ఇన్నేళ్ళుగా ప్రతి క్రిస్మస్‌కీ రాతి గుడికి వెళ్ళాలనుకుంటాను, కాళ్ళు రావు. ఈసారి బజారులో ఆ కాయలు కనపడ్డాయి కాబట్టి వచ్చాను.

ఆరాధన సగంలో, కానుకలు తెచ్చినవాళ్ళు ముందుకి రావచ్చన్నారు. పంట తెచ్చే ఆచారం పోలేదు గానీ, ఇప్పుడు ఎక్కువగా బియ్యం సంచులు, బిస్కెట్ పెట్టెలు. నేను మెట్ల మీద కాయలు పరిచాను. మైకు పట్టుకున్న టీచరమ్మ, ఇంచుమించు నా వయసు మర్యాదస్తురాలు, ఒక కాగితం ముక్క నా చేతికిచ్చింది.

"ఎవరి జ్ఞాపకార్థమండీ? పేరు రాసివ్వండి, చదువుతాను."

అత్త పేరు రాశాను.

"ఇంటిపేరు కూడా వెయ్యండి. అత్తింటిదా, పుట్టింటిదా?"

"పుట్టింటిదేనండీ," అన్నాను. మా ఇంటిపేరు రాశాను. పక్కన తాతయ్య పేరు రాసి, గారి కుమార్తె అని కలిపాను. కాగితం ఆవిడకి తిరిగిచ్చాను. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, సరిగా చదువుతున్నానా అన్నట్టు నా వైపు చూసింది. తలూపాను.

నేను తిరిగి నా చోటికి నడుస్తుండగా ఆవిడ చదివింది. తాతయ్య నోటికి రాని ఆ పేరు, తాతయ్య పేరుతో కలిసి, నిదానంగా, తప్పు లేకుండా మైకులో పలికింది. గుడి చివరిదాకా వినపడింది. స్తంభానికి ఇవతలా వినపడింది, అవతలా వినపడింది.